విదేశీ మిషన్ యాత్ర: గల్ఫా, నేపాలా, కెన్యానా, ఓడా?

సంఘంలో విదేశీ మిషన్ యాత్ర మాట ఎప్పుడూ దేశం పేరుతోనే మొదలవుతుంది. "నేపాల్ మీద భారం ఉంది" అని ఒకరంటారు. "కెన్యా పాస్టరుగారు రమ్మని మెసేజ్ పెట్టారు" అని ఇంకొకరంటారు. దేశం ఖాయమయ్యాక అక్కడ చేయాల్సిన పని కోసం వెతుకుతారు. ఈ వరుస తిరగేయాలి. మీ టీమ్ తర్జుమా లేకుండా ఏ భాషలో మాట్లాడగలదు, ఎవరి చేతిలో ఏ పని ఉంది, సెలవులు ఏ నెలలో దొరుకుతాయి: ఈ మూడూ కాగితం మీద రాసుకున్నాకే దేశం పేరెత్తాలి.

అలా రాసుకుంటే హనుమకొండ, కాజీపేట, కరీంనగర్, జగిత్యాల సంఘాల్లో చాలావాటికి ఒకటే జవాబు వస్తుంది. మొదటి యాత్రకు గల్ఫ్ మంచిది. హిందీ బాగా వచ్చినవాళ్లు, నేర్పగల విద్య ఉన్నవాళ్లు నేపాల్ పోవచ్చు. చేతిపని ఉండి కనీసం మూడు నెలలు ఇవ్వగలిగితేనే కెన్యా ఆలోచించాలి. ఏడాదో రెండేళ్లో పూర్తిగా ఇవ్వగల యువతకు దేశాలు తిరిగే మిషన్ ఓడ ఉంది. ఎందుకో ఒక్కొక్కటిగా చూద్దాం.

భాష లెక్క

1903లో తిరునెల్వేలి తమిళ క్రైస్తవులు తమ సొంత కానుకలతో ఇండియన్ మిషనరీ సొసైటీ పెట్టుకుని మిషనరీలను పంపింది మన డోర్నకల్ ప్రాంతానికే. దాని స్థాపకుల్లో ఒకరైన వి.ఎస్. అజరయ్యగారు 1909లో తానే ఇక్కడికి వచ్చారు. 1912లో డోర్నకల్ బిషప్పయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు ఆయనే. 1910 ఎడిన్‌బరో మహాసభలో పాశ్చాత్య మిషనరీలను ఆయన అడిగింది స్నేహితులను ఇవ్వమని. స్నేహానికి మాట కావాలి. వచ్చిన ఆ తమిళులు తెలుగు నేర్చుకునే ఇక్కడి ఊళ్లలో నిలదొక్కుకున్నారు. పది రోజులకు పోయేవాళ్లకు భాష నేర్చుకునే వ్యవధి ఉండదు కాబట్టి నోట్లో ఉన్న భాష చెల్లే చోటు చూసుకోవాలి.

తర్జుమాతో నలభై నిమిషాల ప్రసంగంలో మీరు చెప్పగలిగేది ఇరవై నిమిషాలే. తెలుగు నుంచి హిందీకి, హిందీ నుంచి నేపాలీకి రెండు మెట్లు దిగితే పదమూడు, పద్నాలుగు నిమిషాలు మిగులుతాయి. వేదిక మీద అది సరిపోవచ్చు గానీ, రాత్రి భోజనం దగ్గర ఒక తల్లి తన బాధ చెప్పుకుంటున్నప్పుడు తర్జుమా చేసేవారు పక్కన ఉండరు. అసలు పరిచర్య జరగాల్సిన గంట ఆ గంటే.

గల్ఫ్: తెలుగుతోనే సాగే యాత్ర

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ ఊళ్లలో గల్ఫ్‌కు మనిషిని పంపని వాడ అరుదు. దుబాయి ఊద్ మేథాలోని హోలీ ట్రినిటీ ప్రాంగణంలోనూ, కువైట్ సిటీలోని నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ప్రాంగణంలోనూ అనేక భాషల సంఘాలు గంటల వారీగా హాళ్లు పంచుకుని ఆరాధించుకుంటాయి. తెలుగువాళ్లకు అక్కడ కావాల్సింది పెద్ద ప్రసంగీకుడికన్నా, తమ ఊరి యాసలో కూర్చుని వినే మనిషి. అప్పు తీరక, పాస్‌పోర్టు కంపెనీ దగ్గర ఉండిపోయి, ఇంట్లో పెళ్లికి పోలేక నలిగినవాడికి తర్జుమా లేకుండా మాట్లాడే ఇద్దరు దొరకడం చిన్న సంగతి కాదు.

ఈ యాత్ర వరంగల్‌లోనే మొదలవ్వాలి. బయలుదేరే ముందు రెండు శనివారాలు పెట్టుకుని, అక్కడి సంఘం ఇచ్చిన పేర్ల ప్రకారం ఆ కార్మికుల ఇళ్లకు పోయి రండి. తల్లి చేత రెండు నిమిషాల మాట రికార్డు చేయించండి, పిల్లల చేత ఉత్తరం రాయించండి. టీమ్‌లో ఒకరు కాగితాల సంగతి తెలిసినవారై ఉండాలి: ఎమిగ్రేషన్ క్లియరెన్స్ మీద పోయిన కార్మికులకు ప్రవాసీ భారతీయ బీమా యోజనలో 10 లక్షల బీమా ఉంటుంది, దాని ప్రీమియం రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయలు. ఆ కాగితం ఎక్కడుందో ఇంట్లోవాళ్లకే తెలియని సందర్భాలు చాలా ఉంటాయి. దాన్ని వెతికి ఫొటో తీసి ఇచ్చినా ఆ యాత్ర సార్థకమే.

పార్సిళ్ల దగ్గర మాత్రం గట్టిగా ఉండాలి. అమ్మ పంపిన మసాలా పొట్లంలో గసగసాలు ఉంటే దుబాయి, అబుదాబి ఉన్న ఎమిరేట్స్‌లో అది మాదకద్రవ్యాల కేసు కిందికి వస్తుంది. ట్రమడాల్, కొడీన్ ఉన్న నొప్పి మాత్రలు, దగ్గు మందులు కూడా ముందస్తు అనుమతి లేకుండా తీసుకుపోకూడదు. "ఇది మా అబ్బాయికిచ్చేయండి బిడ్డా" అని ముడి వేసిన సంచి ఎవరిచ్చినా, వారి ఎదుటే విప్పి, ఒక్కొక్కటీ చూసి, మీరే తిరిగి కట్టండి. ఇంట్లో కొట్టిన పొడులేవీ తీసుకోకపోవడం మంచిది. సీలున్న ప్యాకెట్ పచ్చడి, బట్టలు, ఉత్తరాలు చాలు.

హద్దులు కూడా స్పష్టంగా తెలిసి ఉండాలి. ఎమిరేట్స్‌లో అనుమతి పొందిన ఆరాధనా స్థలం లోపలే కూడిక. బయట కరపత్రాలు పంచడం, ముస్లింలకు ప్రకటించడం నేరం. అనుమతి లేకుండా చందాలు వసూలు చేయడం కూడా నేరమే, భారీ జరిమానా ఉంటుంది. మన దగ్గర కూడిక చివర సంచి తిప్పడం ఎంత మామూలో మనకు తెలుసు. అక్కడ అతిథిగా పోయినవాళ్లు సొంతంగా కానుక పట్టడం, "మా సంఘం కట్టడానికి సాయం చేయండి" అని వాట్సాప్‌లో పెట్టడం ఆతిథ్యమిచ్చిన సంఘం మెడకే చుట్టుకుంటుంది. లేబర్ క్యాంపులోకి కంపెనీ అనుమతితోనే అడుగుపెట్టాలి. పెద్ద గుంపు పోతే ఆ అనుమతి రాదు, ముగ్గురు నలుగురు చాలు, ఒక కారులో సరిపోతారు. సౌదీలో చర్చిలే లేవు. మిషన్ యాత్రకు ఆ దేశాన్ని ఎంచుకోవద్దు.

పదో తరగతి పాసవ్వనివాళ్ల పాస్‌పోర్టుకు ఈసీఆర్ హోదా ఉంటుంది, అంటే కొన్ని దేశాలకు పనికి పోవాలంటే ప్రభుత్వ ఎమిగ్రేషన్ అనుమతి కావాలి. విజిట్ వీసా మీద పోయి పనిలో చేరిపోయేవాళ్లు మన జిల్లాల నుంచి ఎక్కువ కాబట్టి శంషాబాద్‌లో ప్రశ్నలు గట్టిగానే ఉంటాయి. తిరుగు టికెట్, అక్కడి సంఘం ఉత్తరం, బస వివరం మూడూ ప్రింటు తీసి చేతిలో పెట్టుకోవాలి. ఫోన్‌లో ఉన్నాయంటే కుదరదు, క్యూలో చార్జింగ్ అయిపోవచ్చు.

నేపాల్: చవక అన్న ఒక్క కారణంతో ఎంచుకోవద్దు

భారతీయులకు వీసా అక్కర్లేదు. వరంగల్ మీదుగా పోయే రప్తిసాగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే సుమారు ఒకటిన్నర రోజుకు గోరఖ్‌పూర్, అక్కణ్నుంచి బస్సులో మూడు గంటలకు సునౌలీ సరిహద్దు. పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ ఒరిజినల్ ఉండాలి. ఆధార్ ఒక్కటే పట్టుకుపోతే విమానం ఎక్కనివ్వరు. నోట్లు వందలవైతే మేలు, పెద్ద నోట్ల నిబంధన పోయే ముందు అడిగి తెలుసుకోండి. మన వంద అక్కడ నూట అరవై. గడియారం పావుగంట ముందుంటుంది.

శనివారం అక్కడ వారపు సెలవు, సంఘాలు ఆరాధించేది ఆ రోజే. మన లెక్కలో "ఆదివారానికి చేరుకుంటాం" అని టికెట్లు బుక్ చేసుకుంటే ఆ వారం ఆరాధన అయిపోయాక చేరతారు. శుక్రవారం మధ్యాహ్నానికల్లా అక్కడుండేలా చూసుకోవాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది చట్టం. 2015 రాజ్యాంగం 26వ అధికరణం మత మార్పిడి చేయించడాన్ని నిషేధించింది. 2018 ఆగస్టులో అమల్లోకి వచ్చిన క్రిమినల్ కోడ్ 158వ సెక్షన్ ప్రకారం దానికి ఐదేళ్ల వరకు జైలు, 50,000 నేపాలీ రూపాయల వరకు జరిమానా. విదేశీయులైతే శిక్ష పూర్తయ్యాక ఏడు రోజుల్లో దేశం నుంచి పంపించేస్తారు. సరిహద్దులో వీసా అడగనంత మాత్రాన భారతీయులు ఆ చట్టానికి బయటివాళ్లు కారు.

ఇక్కడ మన అలవాటు ఒకటి పెద్ద హాని చేస్తుంది. టీమ్ బయలుదేరే ఆదివారం ఆవరణలో ఫ్లెక్సీ కడతాం. పైన "నేపాల్ సువార్త యాత్ర", కింద పాస్టరుగారి నుంచి కీబోర్డు వాయించే అబ్బాయి వరకు అందరి ఫొటోలు, పేర్లు, అక్కడి పాస్టరుగారి ఫొటో కూడా. సాయంత్రానికి అది ఫేస్‌బుక్‌లో ఉంటుంది. మీరు పది రోజుల్లో వచ్చేస్తారు. ఆ ఫొటోలో ఉన్న నేపాలీ పాస్టరుగారు ఆ ఊళ్లోనే ఉండాలి, అదే పోలీస్ స్టేషన్ ముందు నుంచి రోజూ నడవాలి. కాబట్టి నేపాల్ పోయేవాళ్లకు ఫ్లెక్సీ వద్దు, స్టేటస్ వద్దు, బాప్తిస్మం ఫొటోలు అసలే వద్దు. దీనికి టీమ్‌లో ఒక్కరు ఒప్పుకోకపోయినా ఆ ఒక్కరిని ఇంటి దగ్గరే ఉంచండి. ఈ మాటలో మెత్తదనం పనికిరాదు.

మరి ఏం చేయొచ్చు? విశ్వాసులకు, వాళ్ల నాయకులకు ఉపయోగపడే పనులు చాలా ఉన్నాయి. సండే స్కూల్ టీచర్లకు మూడు రోజుల శిక్షణ, సంఘం లెక్కల పుస్తకం రాయడం, స్త్రీల సమాజానికి కుట్టుపని, కీబోర్డు, గిటారు నేర్పడం. నేర్చుకునేవాళ్లు పదిహేను మందికి మించకుండా, రోజుకు ఐదు గంటలు, మొదటి రోజు చెప్పింది రెండో రోజు వాళ్ల చేతే చేయించడం. మెడికల్ క్యాంపు ఆలోచన ఉంటే జాగ్రత్త: డాక్టర్లు నేపాల్ మెడికల్ కౌన్సిల్‌లో, నర్సులు నర్సింగ్ కౌన్సిల్‌లో తాత్కాలిక రిజిస్ట్రేషన్ లేకుండా అక్కడ వైద్యం చేయకూడదు. తాన్సేన్ ఆసుపత్రి నడిపే యునైటెడ్ మిషన్ టు నేపాల్ 1954 నుంచి, పోఖరా కేంద్రంగా ఉన్న ఇంటర్నేషనల్ నేపాల్ ఫెలోషిప్ 1952 నుంచి ఉన్నాయి. అర్హత ఉన్న డాక్టర్లు, నర్సులు ఒక్కరోజు క్యాంపు పెట్టి బీపీ మాత్రలు పంచేకన్నా, ఇలాంటి సంస్థలకు నెలల ముందే రాసి, అక్కడ నడుస్తున్న వార్డులో పనికి కుదరడం మేలు. నెల మాత్రలిచ్చి వచ్చేస్తే రెండో నెల రోగి గతేంటి?

టీమ్ ఆరు నుంచి ఎనిమిది మంది. అంతకుమించితే కొండ దారుల్లో రెండో జీపు కావాలి, ఖర్చు రెట్టింపవుతుంది. ఆడవాళ్లు ఒక్కరే ఉండకుండా కనీసం ఇద్దరు ఉండాలి.

సెలవులే యాత్రను చెడగొట్టే తీరు

టీచర్లు, విద్యార్థులు ఎక్కువగా ఉన్న టీమ్‌లు దసరా సెలవులు చూసుకుని నేపాల్ బయలుదేరతాయి. ఆ రోజుల్లోనే అక్కడ దశైం, వాళ్ల దసరా. ఆఫీసులు మూత, బస్సులు కిటకిట, శిక్షణకు రావాల్సినవాళ్లంతా సొంతూళ్లలో. జూన్ సగం నుంచి సెప్టెంబరు దాకా వాన, బుట్వల్ నుంచి తాన్సేన్ ఎక్కే దారిలో కొండచరియలు పడతాయి. మే మొదటి పదిహేను రోజులు, లేదా దశైం, తిహార్ (వాళ్ల దీపావళి) దాటాక నవంబరు మంచివి.

మన వేసవి సెలవులు కెన్యాకు పొసగవు. మార్చి నుంచి మే దాకా అక్కడ పెద్ద వానలు, పల్లె దారులు బురదలో దిగబడతాయి. గల్ఫ్‌కు జనవరి రెండో పక్షం బాగుంటుంది, సంక్రాంతి సెలవులకు నాలుగు రోజుల లీవు కలిపితే సరి. ఎమిరేట్స్‌లో 2022 నుంచి శని, ఆదివారాలు సెలవు. కువైట్‌లో శుక్రవారమే పెద్ద ఆరాధన. రంజాన్ ఏటా పది, పదకొండు రోజులు ముందే వస్తుంది కాబట్టి తేదీ చూసుకోకుండా టికెట్ కొనొద్దు.

కెన్యా: పని చేతిలో ఉంటేనే

హైదరాబాద్ నుంచి నైరోబీకి రానుపోను టికెట్ మామూలుగా నలభై వేలు దాటుతుంది. పది రోజుల వాక్యపరిచర్యకు ఎనిమిది మంది పోతే అయ్యే ఖర్చుతో అక్కడివాళ్లే ఎన్నో పనులు నడుపుకోగలరు. కెన్యాలో బోధకులకు కొరత లేదు. బోరు మోటార్లు విప్పి బాగుచేయగలవారు, నర్సింగ్ ట్యూటర్లు, డెయిరీ, కోళ్ల పెంపకం తెలిసినవారు మూడు నెలలకు తక్కువ కాకుండా పోతే ఒక మనిషికి పూర్తిగా పని నేర్పి రావచ్చు. చదువుకున్నవాళ్లతో ఇంగ్లిష్ నడుస్తుంది, ఊళ్లలో స్వాహిలీ కావాలి.

2024 జనవరి నుంచి వీసా బదులు ఆన్‌లైన్ ఈటీఏ (ముందస్తు ప్రయాణ అనుమతి) పెట్టారు. అయితే ఈటీఏ సందర్శనకే. మత, సేవా కార్యాలకు క్లాస్ ఐ పర్మిట్, కొద్ది కాలం పనికి స్పెషల్ పాస్ అని వేరే ఉన్నాయి. వాటికి అక్కడి రిజిస్టరైన సంస్థే దరఖాస్తు పెట్టాలి.

ఎల్లో ఫీవర్ టీకా తప్పనిసరి. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి, లేకపోతే తిరిగొచ్చినప్పుడు మన విమానాశ్రయంలోనే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు, ఒరిజినల్ పాస్‌పోర్టు తీసుకుపోవాలి. ఒకసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది. గుడ్డు పడనివాళ్లు, గర్భిణులు, అరవై దాటినవాళ్లు ముందు డాక్టరుతో మాట్లాడాలి.

మలేరియా నివారణ మాత్రలు డాక్టరు రాస్తారు. చిక్కల్లా తిరిగొచ్చాక మానేయడంలోనే. డాక్సీసైక్లిన్ అయితే వచ్చాక నాలుగు వారాలు, అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ అయితే ఏడు రోజులు వేసుకోవాల్సిందే. ఆ తర్వాత ఏడాది లోపు ఎప్పుడు జ్వరమొచ్చినా, వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి పోయినా ఇంటి దగ్గరి డాక్టరుకు చూపించినా, మొదటి మాటగా "ఆఫ్రికా పోయొచ్చాను" అని చెప్పాలి. అక్కడి మలేరియా మెదడుకెక్కే రకం, క్లోరోక్విన్‌కు లొంగదు.

ఫేస్‌బుక్ పరిచయంతో వచ్చే "కెన్యా పాస్టరుగారి" పిలుపులు వేరే సంగతి. నిజమైన సంఘమే కావచ్చు, కాకపోవచ్చు. ఆదివారం మన మధ్యాహ్నం పన్నెండున్నరకు అక్కడ పదవుతుంది, ఆరాధన వేళ. అప్పుడు వీడియో కాల్ చేయండి. సంఘం పేరుతో రిజిస్ట్రేషన్, సంఘం పేరుతోనే బ్యాంకు ఖాతా, అదే ఊళ్లోని వేరే సంఘం పాస్టరు మాట, మూడూ ఉండాలి. డబ్బు మనిషి పేరు మీదే పంపమంటే అక్కడే ఆపండి.

ఏ దేశమైనా సరే, అనాథాశ్రమ సందర్శన మాత్రం కార్యక్రమంలో పెట్టొద్దు. అతిథుల కానుకల కోసం, తల్లిదండ్రులున్న పిల్లలనే పల్లెల నుంచి తెచ్చి ఉంచే ఆశ్రమాలు నేపాల్‌లోనూ ఆఫ్రికాలోనూ బయటపడ్డాయి. ఆస్ట్రేలియా 2018లో ఆధునిక బానిసత్వ చట్టం తెచ్చినప్పుడు దాన్నీ ఆ బానిసత్వంలో భాగంగా గుర్తించింది. నాలుగు రోజులు ఎత్తుకుని ముద్దాడి వచ్చేసే అన్నలు, అక్కలు ఏటా మారుతుంటే ఆ పిల్లల మనసు ఏమవుతుందో ఆలోచించండి.

ఓడ

లోగోస్ హోప్ ఓడ 2009 నుంచి పుస్తకాలతో రేవులు తిరుగుతోంది. అరవైకి పైగా దేశాల నుంచి సుమారు నాలుగు వందల మంది అందులో ఉంటారు, అందరూ స్వచ్ఛందంగా వచ్చినవాళ్లే. జీతం ఉండదు, తమ ఖర్చు తామే సమకూర్చుకోవాలి. ఓడల మీద ఆసుపత్రులు నడిపే మర్సీ షిప్స్ సంస్థ 1978 నుంచి ఉంది. దాని గ్లోబల్ మర్సీ ఓడలో ఆరు ఆపరేషన్ థియేటర్లున్నాయి. నర్సులకు అక్కడ కొన్ని వారాల అవకాశాలు కూడా ఉంటాయి.

ఓడ అనగానే ప్రసంగాలు ఊహించుకోకండి. ఐటీఐ చేసిన డీజిల్ మెకానిక్, ఎలక్ట్రీషియన్, నూరు మందికి వండగల వంటమనిషి, ప్లంబర్ కావాలి. రోజంతా పాత్రలు తోమే వంతు కూడా వస్తుంది. ఇంగ్లిష్ మాట్లాడగలగాలి. డిగ్రీ అయిపోయి ఉద్యోగానికి ముందు ఏడాది ఖాళీ ఉన్న యువతీయువకులకు దీనికన్నా మంచి బడి కనబడదు. కొత్తగా పెళ్లయినవాళ్లు, ఇంటి అప్పు నెత్తిన ఉన్నవాళ్లు ఇప్పుడు వద్దు.

డబ్బు

పన్ను మినహాయింపు ఉన్న సొసైటీ లేదా ట్రస్టు ఖాతా నుంచి విదేశంలో ఖర్చు పెడితే ఆ మొత్తానికి మినహాయింపు పోవచ్చు. ముందు సీఏను అడగండి. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద వచ్చిన డబ్బు ముట్టుకోవద్దు. పోయేవాళ్లు సొంతంగా, వాళ్లకు సాయం చేసేవాళ్లు నేరుగా పెట్టుకునేదే శుభ్రమైన దారి. ఒక్కొక్కరు కనీసం మూడో వంతు సొంత డబ్బు పెట్టాలి, మొత్తంలో పదిహేను శాతం ఆపదకు పక్కన ఉంచాలి. విదేశీ నోట్లు ఒక యాత్రకు మనిషికి 3,000 డాలర్ల వరకే నగదుగా తీసుకుపోవచ్చు. అక్కడ ఎవరి చేతికీ విడిగా డబ్బివ్వొద్దు. ఇచ్చేది సంఘం కమిటీకి, రసీదుతో. "సభల ఆహ్వానంతో వీసా ఇప్పిస్తాం, మనిషికి ఇంత" అనే ఏజెంటు వస్తే ఆ మాటే ఎత్తనివ్వకండి.

పాస్‌పోర్టులో ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. కొత్తదానికి మామూలు ఫీజు 1,500, తత్కాల్ అయితే 3,500. పేరులో అక్షరం తేడా, బాప్తిస్మం పేరు ఒకటి, పదో తరగతి మెమోలో ఇంకొకటి: దీని దగ్గరే మన సంఘాల్లో ఎక్కువమంది ఆగిపోతారు. ఆరు నెలల ముందే అందరి కాగితాలూ ఒక బల్ల మీద పరిచి పోల్చి చూడండి.

టికెట్ కొనే ముందు ఒక ఉత్తరం

ఆతిథ్యమిచ్చే సంఘానికి ఇలా రాయండి: మేము ఇంతమందిమి, ఈ భాషలు వచ్చు, ఈ పనులు వచ్చు, ఈ తేదీల్లో ఖాళీ. మా వల్ల మీకు ఏ పని కావాలి? ఆ పని మేము పోయాక ఎవరు కొనసాగిస్తారు? మేము రాకుండా ఆ ఖర్చు మీకే పంపితే ఎక్కువ మేలా? ఈ చివరి ప్రశ్న అడగడానికి మొహమాటపడొద్దు, అవునన్న జవాబు వస్తే చిన్నబుచ్చుకోవద్దు. వాళ్లు అడిగిన పని మీ జాబితాలో లేకపోతే ఆ పని వచ్చినవాళ్లను పక్క సంఘం నుంచి అడిగి కలుపుకోండి, మీలో కొందరు ఆగిపోండి.

నాలుగు వారాల్లో స్పష్టమైన జవాబు రాకపోతే ఆ ఏడాదికి ఆ దేశం పక్కన పెట్టండి. కేటాయించుకున్న సెలవుల్లో జగిత్యాల వైపు గల్ఫ్ కుటుంబాలున్న ఊళ్లకు పోయి, వాళ్ల కాగితాలు సరిచూసి, తమవాళ్ల కోసం వాళ్లు చెప్పే మాటలు రికార్డు చేయడం మొదలుపెట్టండి. వచ్చే జనవరి యాత్రకు సగం పని అప్పటికే అయిపోయి ఉంటుంది.